బెంచీ మీద చోటు

పోలీసు హెడ్డుగారు వచ్చేసరికి కుర్రాడు కాలరు తిప్పుతున్నాడు.

కాలరు తిప్పడంలో ఏముంది అనుకుంటారు గానీ, చొక్కాకి ముఖమంటూ ఉంటే అది కాలరే. రెండు ముక్కలూ బోర్లించి మూడు వైపులా కుట్టి, మూలల్లో ఎక్కువైన గుడ్డ కత్తిరించి, లోపలిది బయటికి తిరగేయాలి. కత్తెరతో పొడిచి మొన తీస్తే గుడ్డ చిరుగుతుంది. పొడవకుండా వదిలేస్తే మొన మొద్దుబారి, పళ్ళూడిన మనిషి గడ్డంలా ఉంటుంది. కుర్రాడు మూలలో ముందే ఒక దారప్పోగు పెట్టి కుట్టి, తిప్పాక ఆ పోగు లాగుతాడు. మొన పిచ్చుక ముక్కులా టక్కున బయటికి వస్తుంది. వాడికి ఆ కిటుకు నేర్పింది టైలరమ్మే. నేర్పిన చేతికంటే నేర్చిన చెయ్యే బాగుందని రోజుకోసారి అనకపోతే ఇస్త్రీ తాతకి పెట్టె వేడెక్కదు.

టైలరమ్మ వాడికి పెద్దమ్మ. తల్లి ఆసుపత్రిలో ఆయా, ఏ పూట డ్యూటీ పడుతుందో ఆమెకే తెలియదు. అందుకని కుర్రాడి అన్నం, పని, తిట్లు అన్నీ పెద్దమ్మ దగ్గరే. వచ్చిన కొత్తలో బాబిన్లకి దారం చుట్టే పని ఇచ్చారు గనక కొట్లో వాడి పేరు బాబిన్ అయింది. పోలీసు స్టేషన్లో వాడికి ఇంకో పేరుంది.

"ఏరా సైకిలూ" అన్నాడు హెడ్డుగారు గుమ్మంలో నిలబడి. ఎవరి మొహమూ చూడకుండా, గోడకి వేలాడుతున్న స్కూలు నిక్కర్ల వైపు చూస్తూ అన్నాడు. "ఒకసారి రమ్మంటున్నారు."

"ఇప్పుడేం పోయింది?" అంది టైలరమ్మ.

"కొత్తగా కడుతున్న ఇంటి దగ్గర నీళ్ళ మోటారమ్మా."

"మోటారా?" ఇస్త్రీ తాత పెట్టె నిలబెట్టాడు. "అయ్యా, దారపుండల బుట్ట ఎత్తమంటేనే వీడు నడుం పట్టుకుంటాడు. మోటారెత్తాడంటే చెప్పండి, రేపట్నుంచి ఈ పెట్టె కూడా వీడి చేతే మోయిస్తా."

హెడ్డుగారు నవ్వబోయి ఆపుకున్నాడు. "నేనేం అన్నాను తాతా. అడగడానికే పిలుస్తున్నారు. ఏదైనా పోతే పాతవాళ్ళని పిలవడం మామూలేగా."

ఆ 'పాతవాళ్ళు' అన్న మాటకి టైలరమ్మ చేతిలో పని ఆపింది. ఎదురింటి సైకిలు అడక్కుండా తీసుకుని ఊరంతా తిరిగొచ్చిన నాటికి వీడికి మీసం కూడా రాలేదు. ఇప్పటికీ సరిగ్గా రాలేదు. అప్పుడే పాతవాడైపోయాడు.

కుర్రాడు మాత్రం లేచే ముందు పని సర్దాడు. మిషను పాదం ఎత్తాడు, దారం తెంపాడు, కాలర్లు మొనకి మొన కలిపి దొంతి పెట్టాడు. జేబులోంచి ఫోను తీసి పెద్దమ్మ ముందు పెట్టాడు. అక్కడికి ఫోను తీసుకెళ్ళకూడదని వాడికి ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. పక్కింటికి ఉప్పు తేవడానికి వెళ్ళినట్టు చెప్పులేసుకుని హెడ్డుగారి స్కూటరు వెనక ఎక్కి కూర్చున్నాడు. టైలరమ్మని కోసింది ఆ అలవాటే. ఏడ్చినా, గింజుకున్నా, నేను రానని మిషను పట్టుకుని వేలాడినా ఆమెకి ఇంతకంటే తేలిగ్గా ఉండేది.

బడులు తెరిచే ముందు రోజులవి. తెల్ల చొక్కాలు కొండలా పడున్నాయి. చేతులూ వీపులూ జతచేసిన చొక్కాలు మెడలు లేకుండా కాలర్ల కోసం ఎదురుచూస్తున్నాయి. టైలరమ్మే కూర్చుని తిప్పింది గానీ, మొనలు కుదరక రెండిట్లో ఒకటి విప్పుకుంటూ కూర్చుంది.

కుర్రాడు పొద్దువాలాక వచ్చాడు.

"ఏమడిగార్రా?"

"ఏమీ అడగలేదు. కూర్చోమన్నారు, కూర్చున్నాను."

"పొద్దుటినుంచీనా?"

"మధ్యలో ఓసారి టీ తెమ్మంటే తెచ్చాను."

అన్నం గిన్నె ఖాళీ చేసి షట్టరు దించడానికి లేచాడు. తాళం వేస్తూ వేస్తూ గొంతుక్కూర్చుని దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. "పెద్దమ్మా, ఈ తాళం మార్చెయ్. ఇది ఉత్త బొమ్మ. తాళంచెవే అక్కర్లేదు దీనికి. ఇక్కడ చిన్న రేకుముక్కతో ఇట్లా అన్నామంటే చాలు." వేళ్ళతో గాలిలో ఏదో మెలిపెట్టి చూపించాడు.

"నీకెవరు చెప్పారు?"

"సిల్కు. ఇవాళ అక్కడ నా పక్కనే కూర్చున్నాడు. వాడికి తెలియని తాళం లేదంట."

వాడి గొంతులో దొంగతనం లేదు. కొత్త పని పట్టుబడ్డవాడి సంబరం ఉంది. కాలరు మొన మొదటిసారి సరిగ్గా వచ్చిన రోజున కూడా వాడు ఇట్లాగే ఊపిరాడకుండా చెప్పాడు. టైలరమ్మ వాడి వేళ్ళ వంకే చూసింది.

డ్రాయరు తాళంచెవి ఎప్పుడూ కిటికీ పక్కన మేకుకే ఉంటుంది. పెద్ద కత్తెరలు, పనివాళ్ళకి ఇవ్వాల్సిన డబ్బులు, ఖాతాదార్ల బయానాలు అన్నీ ఆ డ్రాయర్లోనే. ఎవరికి కావాలన్నా తీసుకుంటారు. ఆ మర్నాడు పొద్దున్నే ఆమె ఆ తాళంచెవి తీసి తన సంచిలో వేసుకుంది. ఎందుకు వేసుకుందో తనకి తాను కూడా చెప్పుకోలేదు. చేతికి తోచింది, చేసింది.

కుర్రాడు వచ్చి కత్తెర కోసం మేకు మీదికి చెయ్యి చాచాడు. చెయ్యి అక్కడే ఒక్క క్షణం ఆగి మెల్లగా కిందికి దిగింది.

"కత్తెర కావాలా? ఉండు, నేనిస్తా" అంది టైలరమ్మ, అవసరమైనదానికంటే గట్టిగా. సంచి వెతికి డ్రాయరు తీసింది. వాడు కత్తెర అందుకున్నాడు. గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాకు పిల్ల తల వంచుకుని మిషను ఇంకాస్త గట్టిగా తొక్కింది.

ఆ రోజు వాడు తిప్పిన కాలర్లన్నిటికీ మొనలు మొద్దుగానే వచ్చాయి.

రెండు రోజులు వాడు అందరితోనూ బాగానే ఉన్నాడు. అడిగినదానికి బదులు చెప్పాడు, తాత వేళాకోళానికి నవ్వాడు. సాయంత్రాలు మాత్రం ఎదురుగా రోడ్డవతల ఒక మోటారుసైకిలు ఆగేది. దాని మీద మెరిసే చొక్కా వేసుకున్న యువకుడు ఒక కాలు నేలకానించి కూర్చునేవాడు. పిలిచేవాడు కాదు, చెయ్యి ఊపేవాడు కాదు. ఊరికే కనపడేవాడు. కుర్రాడు వెళ్ళి వాడితో నాలుగు మాటలు మాట్లాడి వచ్చేవాడు.

"ఎవరతను?" అని అడిగితే, "తెలిసినవాడు" అన్నాడు.

"ఎట్లా తెలుసు?"

"నీకు తెలుసు కదా పెద్దమ్మా ఎట్లా తెలుసో" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఆమెకి తగలాల్సిన చోటే తగిలింది.

ఆ వారంలోనే ఎవరిదో స్కూటరు పోయింది. హెడ్డుగారు గుమ్మంలో నిలబడీ నిలబడకముందే కుర్రాడు లేచాడు. ఈసారి పాదం ఎత్తలేదు, దారం తెంపలేదు. సగం కుట్టిన కాలరు సూది కిందే వేలాడుతుండగా వెళ్ళిపోయాడు.

టైలరమ్మ ఆ కాలరు వంక చాలాసేపు చూసింది. తర్వాత అన్నం డబ్బా పట్టుకుని స్టేషనుకి నడిచింది.

గేటు దగ్గరనుంచే బెంచీ కనిపించింది. వరండాలో గోడకి ఆనించిన పొడుగాటి చెక్క బెంచీ అది. కూర్చుని కూర్చుని వీపులు ఆనిన చోట సున్నం నల్లబడి, మనుషుల ఎత్తున ఒక చార పడింది. నలుగురు కుర్రాళ్ళున్నారు. నడుమ ఆ మోటారుసైకిలు మీది మెరిసే చొక్కా మనిషి, సిల్కు, కూర్చుని, తలకాయ పైకెత్తకుండా చిన్న గొంతుతో ఏదో చెబుతున్నాడు. వాళ్ళ మీద ఎవరికీ ధ్యాస లేదు. లోపల ఒకాయన కాగితాలు రాసుకుంటున్నాడు, ఇంకొకాయన ఫోన్లో ఎవరికో దారి చెబుతున్నాడు. బాబిన్ తల కొద్దిగా పక్కకి వాల్చి, కింది పెదవి పళ్ళ మధ్య పట్టుకుని వింటున్నాడు. పని నేర్చుకునేటప్పుడు వాడి మొహం అట్లాగే ఉంటుంది. ఆ మొహం ఆమెకి కంఠతా వచ్చు.

దగ్గరికి వెళ్ళేసరికి సిల్కు మాట చెవిన పడింది. "చెయ్యని దానికి కూర్చుంటున్నావు. అదేదో చేసే కూర్చుంటే పోలా? ఎట్లాగూ కూర్చోక తప్పదు."

కుర్రాడు నవ్వలేదు. ఆలోచిస్తున్నాడు.

టైలరమ్మ అన్నం డబ్బా వాడి ఒళ్ళో పెట్టి తిన్నగా లోపలికి వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు చిన్న వయసువాడే. కళ్ళకింద నల్లటి వలయాలు, బల్ల మీద చల్లారిన టీ. లేచి కుర్చీ చూపించాడు.

"సార్, మా వాణ్ణి ఏమైనా అడిగారా?"

"అడుగుతామమ్మా. ఇంకా టైం కాలేదు."

"మొన్న కూడా కాలేదంట సార్. కొట్లో కొత్తవాడికి పని రావాలంటే, బాగా వచ్చినవాడి పక్కన కూర్చోబెడతాను. నోరు విప్పి ఏమీ చెప్పక్కర్లేదు, కూర్చుంటే చాలు. ఆ బెంచీ మీద జరుగుతోంది అదే."

ఇన్‌స్పెక్టరు కోప్పడలేదు. కళ్ళు నులుముకున్నాడు. "బాగానే చెప్పారమ్మా. స్కూటరు పోయినాయన పొద్దున వచ్చి ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. ఆ స్కూటరు మీదే ఆయన ఇంటింటికీ పాలు వేస్తాడు. ఎవర్నీ అడగలేదండీ, అందరూ మంచిపిల్లలేనండీ అని చెప్పమంటారా?"

 పాలాయన మొహం టైలరమ్మ కళ్ళముందు కూడా కదిలింది. నమస్కారం పెట్టి బయటికి వచ్చింది, బెంచీ వైపు చూడకుండా గేటు దాటింది.

సగం దూరం వెళ్ళాక నడక మారింది. కొట్లోకి వచ్చి, కాజాలు పూర్తయిన చొక్కాలు ఒక దుప్పట్లో మూట కట్టింది. గుండీల డబ్బా, దారం, సూదులు సంచిలో వేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు తాత.

"పనివాడు ఎక్కడుంటే పని అక్కడికి" అంది.

బెంచీ దగ్గరికి వచ్చి, సిల్కుకీ కుర్రాడికీ మధ్య మూట దించింది. సిల్కు జరిగాడు గానీ, జరగకపోతే మూట వాడి తొడ మీదే పడేది. ఆమె మధ్యలో కూర్చుని చెప్పులు విప్పి బెంచీ కిందికి తోసింది.

కుర్రాడు చెవుల దాకా ఎర్రబడ్డాడు. "పెద్దమ్మా, వెళ్ళిపో. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఆ స్కూటరు నువ్వు తీశావా?"

ఇన్నాళ్ళలో ఆమె వాణ్ణి అడగడం అదే మొదటిసారి. వాడు ఆమె కళ్ళలోకి చూశాడు.

"లేదు."

"అయితే సూదిలో దారం ఎక్కించు. నాకు ఈ వెలుతుర్లో ఆనదు."

వాడు దారం కొన తడిపి ఎక్కించాడు. హెడ్డుగారు పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, మీరిక్కడ కూర్చోకూడదు. ఇది పిలిచినవాళ్ళు కూర్చునే చోటు."

"నన్ను పిలవలేదని చిన్నబుచ్చుకోను లెండి. మీ పని మీరు చూసుకోండి హెడ్డుగారూ."

గుండీ కుట్టడం ఎక్కడ కూర్చున్నా సాగే పనే. రెండు కన్నాల్లోంచి నాలుగుసార్లు, మెడ చుట్టూ మూడు చుట్లు, కింద ముడి. పెద్దమ్మ కుట్టినవి కుర్రాడు మడతపెట్టాడు, తర్వాత తనూ ఒక సూది అందుకున్నాడు. పనుల మీద వచ్చినవాళ్ళు ఆగి చూశారు. గొడవలో చొక్కా చిరిగి వచ్చిన ఒకాయన సిగ్గుపడుతూ, "అమ్మా, ఒక్క గుండీ వేసి పెడతారా" అన్నాడు. ఆమె సూది ఎత్తేలోపు లోపల్నుంచి రాసే ఆయన కేక పెట్టాడు: "కుట్టకండమ్మా, అది సాక్ష్యం." బెంచీ అంతా నవ్వింది. హెడ్డుగారు మొహం అటు తిప్పుకుని నవ్వాడు.

సిల్కు ఒక్కడే నవ్వలేదు. "ఆంటీ, మీరు రోజూ వస్తారా ఏంటి?" అన్నాడు.

"నీ చొక్కాకి పై గుండీ లేదు. ఇటు తిరుగు."

"వద్దులెండి."

"తిరగవయ్యా, పట్టు చొక్కా వేసి పిన్నీసు పెట్టుకుంటారా ఎవరైనా."

వాడు తిరిగాడు. గడ్డం పైకెత్తి కూర్చున్నాడు. గొంతుకింద సూది ఆడుతుంటే ఎంతటివాడైనా ఊపిరి బిగబట్టాల్సిందే. ఆమె దారం బిగిస్తూ, వాడికి మాత్రమే వినపడేట్టు, "వీడు నాకు కావాలి" అంది. "వీణ్ణి వదిలెయ్యి."

సిల్కు కళ్ళు బాబిన్ వైపు తిరిగాయి. దగ్గర్నుంచి చూస్తే సిల్కు వయసు కూడా ఏమంత లేదు, కళ్ళే ముందు ముదిరాయి. "నేను మొదటిసారి కూర్చున్నప్పుడు ఇక్కడ కాళ్ళు నేలకి ఆనేవి కాదు ఆంటీ" అన్నాడు చివరికి. "మా వాళ్ళు ఆ గేటు దాకా కూడా రాలేదు." దారం తెంపడానికి ఆమె వంగితే, వాడు చిన్నపిల్లాడిలా కళ్ళు మూసుకున్నాడు.

తర్వాతిసారి పిలుపు వచ్చేసరికి తాత కూడా పెట్టె ఆర్పి బయల్దేరాడు. ఓవర్‌లాకు పిల్ల దారాలు కత్తిరించే పని పట్టుకుని వచ్చింది. చొక్కాలకి ఆర్డరిచ్చిన డ్రిల్లు మాస్టారు కొట్టు మూసుందేమని ఆరా తీసి, వెతుక్కుంటూ ఇక్కడికే వచ్చి, ఆ చివర సర్దుకుని సైజులు సరిచూస్తూ కూర్చున్నాడు. నిజంగా పిలిపించిన ఇద్దరికి బెంచీ మీద చోటు లేక గోడకి చేరగిలబడ్డారు.

ఇన్‌స్పెక్టరు బయటికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఇది స్టేషనా, టైలరు కొట్టా?"

"మీరు ఏదంటే అదే సార్" అన్నాడు తాత. "కరెంటు ప్లగ్గు ఎక్కడుందో చూపిస్తే ఇస్త్రీ కూడా ఇక్కడే కానిస్తా."

ఇన్‌స్పెక్టరు టైలరమ్మని పక్కకి పిలిచాడు. "సరేనమ్మా. ఇకమీదట ఏదైనా పోతే హెడ్డు మీ కొట్టుకే వచ్చి చూస్తాడు. వాడు మిషను ముందుంటే నాకు వాడితో పని లేదు. కానీ ఒక మాట. వాడు పనిలోకి రాని రోజున ఆ సంగతి నాకు మీరే చెప్పాలి. దాచకూడదు. నేను మిమ్మల్ని నమ్మి వాణ్ణి వదిలేస్తున్నాను."

"నేనే వచ్చి చెప్తాను" అంది ఆమె. ఆ క్షణంలో అది ఏమంత పెద్ద మాట అనిపించలేదు.

బడులు తెరిచే ముందురోజు వాడు రాలేదు.

అర్ధగంట ఆలస్యమైతే నిద్ర అనుకుంది. ఇంకాస్త అయ్యాక ఓవర్‌లాకు పిల్లని వాళ్ళ ఇంటికి పంపింది. రాత్రి డ్యూటీ చేసి పడుకున్న చెల్లెలు నిద్రకళ్ళతో, "పొద్దున్నే వెళ్ళాడుగా అక్కా, నీ దగ్గరికే" అని చెప్పి పంపింది. ఫోను చేస్తే వాడు ఎత్తలేదు. రోడ్డవతల మోటారుసైకిలు లేదు. కొన్నాళ్ళుగా లేదని సంతోషించింది గానీ, ఇవాళ లేకపోవడమే భయంగా ఉంది.

"ఎక్కడో ఆగుంటాడు" అన్నాడు తాత.  ఆయన వేళాకోళం ఆడకపోవడం ఆమెని ఇంకా బెదరగొట్టింది.

ఆమె లేచి డ్రాయరు తెరిచి చూసింది. ఉన్నవన్నీ ఉన్నాయి. చూసినందుకు తన చెయ్యి తనకే పరాయిదైనట్టు అనిపించి, టక్కున మూసింది.

మిషన్ల చప్పుడులో గంట గడిచింది. ఇంకో గంట ఆగి చూద్దామా అనుకుంది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? హెడ్డు వచ్చి చూస్తే మందుల కొట్టుకి పంపానని చెప్పొచ్చు. నోటి చివర అబద్ధం తయారుగా ఉంది. కానీ అది చెప్పిందంటే ఆ బెంచీ మీద కూర్చుని తను కుట్టిందంతా విప్పేసుకున్నట్టే. దాచానని తెలిసిన రోజున ఇంక ఏ కుర్రాడి తరఫున ఎవరు వెళ్ళి నిలబడ్డా ఆ ఇన్‌స్పెక్టరు వినడు. అట్లాగని వెళ్ళి చెప్పడమంటే, తన చేతులతో తనే వాణ్ణి పట్టించడం.

"ఇప్పుడే వస్తా" అని లేచింది. తాత ఎక్కడికని అడగలేదు.

దారంతా ఆమె ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే నడిచింది. సార్, మా వాడు ఇవాళ రాలేదు. ఇంతే. ఇందులో ఎక్కువా లేదు, తక్కువా లేదు.  గేటు దగ్గర ఆగి తల ఎత్తింది.

కుర్రాడు బెంచీ మీద ఉన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. పట్టుకొచ్చారన్నమాట. మాట మాటే, పద్ధతి పద్ధతేనన్నమాట. గబగబా వరండా మెట్లెక్కింది. "హెడ్డుగారూ, ఏం చేశాడని తెచ్చారు వీణ్ణి?"

హెడ్డుగారు రెండు చేతులూ ఎత్తేశాడు. "మీ మీద ఒట్టమ్మా, మేం పిలవలేదు. పొద్దున్నుంచి పొమ్మంటున్నాను. మీకు కబురు పంపుతానన్నా కదలడు. మీ వాడికి ఏం పట్టిందో మీరే అడగండి."

అప్పుడు చూసింది. కుర్రాడి అవతల, వాడి భుజం చాటున, ఇంకో పిల్లాడున్నాడు. ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళుంటాయి. చొక్కా ఒకవైపు లోపలికి దోపి ఒకవైపు వదిలేశాడు. బెంచీ అంచు రెండు చేతులా పట్టుకుని, వేలాడుతున్న తన పాదాల వంకే చూస్తున్నాడు. ఏడ్చి ఏడ్చి ఆపేసిన చారలు బుగ్గల మీద ఇంకా ఉన్నాయి.

"పొద్దున కొట్టుకి వస్తుంటే హెడ్డుగారు వీణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తున్నారు పెద్దమ్మా" అన్నాడు కుర్రాడు. లేచి నిలబడలేదు. లేస్తే పక్కవాడి ఆనిక పోతుందన్నట్టు అట్లాగే కూర్చుని చెప్పాడు. "ఎవరి కొట్లోనో ఫోను తీశాడంట. వాళ్ళ నాన్న వస్తాడని చెప్పారు. రాలేదు. అక్కడ చూడు."

ఆమె చూసింది. బెంచీకి ఆ చివర సిల్కు కూర్చునున్నాడు, ఆమె కుట్టిన గుండీ మెడ దాకా పెట్టుకుని. ఎవరితోనూ ఏమీ చెప్పడం లేదు. చెప్పడానికి వీల్లేకుండా వాడికీ పిల్లాడికీ మధ్య బాబిన్ ఉన్నాడు.

"ఫోన్ ఎందుకు ఎత్తలేదురా?"

"ఇక్కడికి తేకూడదు కదా. ఎదుటి టీకొట్లో ఇచ్చొచ్చా."

తిట్టాలని నోరు తెరిచింది. కొట్లో ఇంకా మెడలు పడని చొక్కాలున్నాయి. పొద్దువాలేలోపు డ్రిల్లు మాస్టారు వస్తాడు. నీకోసం ఒక పూటంతా నా ప్రాణం ఎట్లా కొట్టుకుందో తెలుసా అని అడగాలనుకుంది. ఇన్‌స్పెక్టరుకి చెప్పాలని కూడబలుక్కున్న మాట ఇంకా నాలుక మీదే ఉంది. దాన్ని మింగేసింది. మింగేసరికి కళ్ళు తడిశాయి.

"చొక్కాలు ఆలస్యమైపోతాయి పెద్దమ్మా, నాకు తెలుసు" అన్నాడు కుర్రాడు. "నువ్వెళ్ళు. వీడి వాళ్ళెవరైనా వస్తే నేను వచ్చేస్తా. సాయంత్రం కూర్చుని కుట్టేస్తా."

చిన్నవాడు మొదటిసారి తలెత్తి ఆమె వంక చూశాడు. వీళ్ళిద్దర్లో ఎవరు వెళ్ళిపోతారోనని చూస్తున్నాడు.

టైలరమ్మ చెప్పులు విప్పి బెంచీ కిందికి తోసింది.

"జరగండ్రా" అంది.